తలలో హోరు తగ్గించిన మట్టిపని

నలుగురిలో రోజంతా గడిపి ఇంటికొచ్చాక, ఎవరో మామూలుగా అన్న మాట కూడా నా తలలో రాత్రిదాకా తిరిగేది. ధ్యానం యాప్‌లు పెట్టుకుంటే ఇంకా టెన్షన్. చివరికి నాకు కుదిరింది మట్టిపని, అంటే బంకమట్టితో గిన్నెలు చేయడం.

మొదట కుమ్మరి సారె (కుండలు చేసే చక్రం) క్లాసులో చేరాను. పని నచ్చింది కానీ చుట్టూ మాటలు, మోటార్ల చప్పుడు పడలేదు. అందుకని సారె లేకుండా ఇంట్లోనే చేత్తో చేయడం మొదలుపెట్టాను.

బత్తాయికాయంత బంకమట్టిని బాగా పిసికి, ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట పెట్టాలి. అడుగున అర సెంటీమీటరు మందం వదిలి, అరచేతిలో తిప్పుతూ కింది నుంచి పైకి గోడను నొక్కుతూ రావాలి. వేలు కాస్త గట్టిగా పడితే అక్కడ పలచబడిపోతుంది. అందుకే చూపూ ఆలోచనా వేళ్ల దగ్గరే ఉండిపోతాయి. చేతులనిండా మట్టి, ఇక ఫోన్ ముట్టుకోలేం. అంచు పగిలితే తడివేలితో రాస్తే చాలు.

నాలాంటివాళ్లకు పెద్ద ఊరట ఏంటంటే, కాల్చనంతవరకు ఏదీ వృథా కాదు. ఎండిన గిన్నె నచ్చకపోతే నీళ్లలో నానబెట్టండి, మళ్లీ మట్టే. ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) సుమారు 600 డిగ్రీలు దాటాకే అది ఇక నానని గట్టి వస్తువవుతుంది. కాల్చేముందు మాత్రం పూర్తిగా ఆరాలి, లేకపోతే లోపలి తేమ ఆవిరై గిన్నె పగులుతుంది. బుగ్గకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

పని అయ్యాక నేలను ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఎండిన మట్టి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.