స్టుట్‌గార్ట్ టెన్నిస్‌కి వెళ్తున్నారా? ఫైనల్ టికెట్ కోసం ఎగబడకండి

ఏటా ఏప్రిల్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగే మహిళల టోర్నీ పోర్షే టెన్నిస్ గ్రాండ్ ప్రికి ఒక్కరోజే వెళ్లగలిగితే శుక్రవారం వెళ్లండి. సాధారణంగా ఆ రోజు క్వార్టర్ ఫైనల్స్, అంటే చివరి ఎనిమిది మంది మధ్య మ్యాచ్‌లు ఉంటాయి. ఫైనల్ ఉండే ఆదివారం ఎంత సందడి ఉన్నా సింగిల్స్‌లో చూసేది ఒక్క మ్యాచే, అది గంటలో ఏకపక్షంగా ముగిసిపోయినా మీరు చేసేదేమీ లేదు.

సోమవారం, మంగళవారం టికెట్ తీసుకునే ముందు డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే జాబితా చూడండి. సింగిల్స్‌లో 28 మందే ఆడతారు, టాప్ 4 సీడ్లకి (ర్యాంకుల్లో ముందున్న నలుగురికి) మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్తారు. మీ అభిమాన ప్లేయర్ ఆ నలుగురిలో ఉంటే వారం మొదట్లో వెళ్లినా ఆమె ఆట కనపడదు.

ఇది ఇండోర్‌లో, అదీ ఎర్రమట్టి మీద ఆడే టోర్నీ. 2008 వరకు హార్డ్ కోర్టే, 2009లో మట్టికి మారింది. పైకప్పు కింద గాలి, ఎండ, వాన ఏవీ ఉండవు కాబట్టి సర్వ్ బాగా చేసేవాళ్లు బయటి మట్టి కోర్టుల కంటే ఇక్కడ ధైర్యంగా కొడతారు. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక, కాస్త ఎత్తులో కూర్చుంటే బంతి స్పిన్, కోణాలు బాగా తెలుస్తాయి, టీవీలో చూసే కోణం కూడా దాదాపు అదే. కోర్టు పక్కన, కింది వరసల్లో సీటు దొరికితే మాత్రం వదలకండి, ప్లేయర్లు జారుతూ వచ్చి బంతి అందుకోవడం, ఆ వేగం దగ్గర్నుంచి చూడాల్సిందే, మెడ నొప్పి పుడితే పుట్టనివ్వండి.

మట్టి మీద బంతి గుర్తు పడినా ఇప్పుడు అంపైర్ దిగొచ్చి చూడరు, బంతి లోపల పడిందా బయట పడిందా అన్నది ఎలక్ట్రానిక్ సిస్టమ్ చెప్పిందే ఖాయం. 2025లో బెలారస్ ప్లేయర్ సబలెంకా ఒప్పుకోలేక ఆ గుర్తుని ఫోన్‌తో ఫొటో తీసి వార్నింగ్ తెచ్చుకుంది. పాపం, ఇక్కడ ఆమె 2021, 2022, 2023, 2025 ఫైనల్స్ నాలుగూ ఓడింది. గెలిచినవాళ్లకి పోర్షే కారు కూడా ఇస్తారు మరి!

కాఫీకి బయటికెళితే ఆట మధ్యలో లోపలికి రానివ్వకపోవచ్చు, ప్లేయర్లు సైడ్ మారేదాకా ఆగాల్సి రావచ్చు.

టోర్నీ జరిగే పోర్షే అరీనా స్టుట్‌గార్ట్‌లోని బాడ్ కాన్‌స్టాట్ ప్రాంతంలో ఉంది. ఎస్1 రైలెక్కి నెకార్‌పార్క్‌లో దిగి నడవండి. పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం కాబట్టి ఆ రోజు స్థానిక ఫుట్‌బాల్ జట్టు విఎఫ్‌బి మ్యాచ్ ఉందేమో కూడా చూసుకోండి, ఉంటే రైళ్లు కిక్కిరిసిపోతాయి, గంట ముందే బయల్దేరండి.