పారాచూట్ మొరాయిస్తే: గాల్లో ఏం చేయాలి, దిగాక ఎక్కడ వెతకాలి

ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ తెరవకముందు, మనిషి గంటకి సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పడతాడు. వెయ్యి అడుగులు దాటడానికి ఐదారు సెకన్లు చాలు. ఆ కాస్త సమయంలో "ఇది ఎందుకిలా అయింది" అని ఆలోచిస్తూ కూర్చుంటే ఎత్తు అయిపోతుంది. అందుకే కింద ప్రతి సమస్యకీ రెండు మాటలు చెబుతున్నాను. గాల్లో ఏం చేయాలన్నది మొదటిది, దానికి కారణం తెలియనక్కర్లేదు. దిగాక ప్యాకింగ్ మ్యాట్ మీద ఏం వెతకాలన్నది రెండోది. కారణం దొరికేదాకా ఆ రిగ్ (వీపున వేసుకునే మొత్తం పారాచూట్ సెట్టు) మళ్ళీ విమానం ఎక్కకూడదు.

ముందు కొన్ని ఎత్తులు గుర్తుంచుకోండి. అమెరికాలోని యూఎస్‌పీఏ (పారాచూట్‌తో దూకేవాళ్ళ సంఘం) లెక్క ప్రకారం స్టూడెంట్లు, ఏ లైసెన్స్ (మొట్టమొదటి లైసెన్స్) వాళ్ళు 3,000 అడుగుల కంటే కిందికి రాకముందే మెయిన్ (ప్రధాన పారాచూట్) తెరవడం మొదలుపెట్టాలి, మిగతావాళ్ళు 2,500 కంటే కిందికి రాకముందే. కానోపీ (విచ్చుకున్న పారాచూట్ గుడ్డ) పనికొస్తుందా, వదిలించుకోవాలా (దీన్నే కట్‌అవే అంటారు) అన్నది స్టూడెంట్లూ ఏ లైసెన్స్ వాళ్ళూ 2,500 అడుగులకల్లా, మిగతావాళ్ళు 1,800 కల్లా తేల్చుకోవాలి. వెయ్యి అడుగుల కంటే కిందికొచ్చాక కట్‌అవే చేయకూడదు. మీ దేశపు నిబంధనలు, మీ రిగ్ మాన్యువల్, మీ ఇన్‌స్ట్రక్టర్ వేరే మాట చెబితే వాళ్ళ మాటే వినండి.

లాగాను, ఏమీ జరగలేదు

హ్యాండిల్ చేతికి అందకపోయినా, అంది కదలకపోయినా ఇంకొక్కసారి ప్రయత్నించండి. రెండోసారీ రాకపోతే రిజర్వ్ (అత్యవసరానికి ఉండే రెండో పారాచూట్). మూడో ప్రయత్నం వద్దు.

పైలట్ చూట్ (మెయిన్‌ని బయటికి లాగే బుల్లి పారాచూట్) చేతిలోంచి వెళ్ళింది కానీ వెనకాలే వేలాడుతూ వీపు మీద కంటైనర్ మాత్రం తెరుచుకోలేదనుకోండి. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి: ముందు కట్‌అవే చేసి రిజర్వ్ లాగడం, లేదా నేరుగా రిజర్వే లాగడం. రెండింటికీ వాదనలున్నాయి. ఏది చేయాలో నేల మీదే ఇన్‌స్ట్రక్టర్‌తో తేల్చుకుని, ఎప్పుడూ ఆ ఒక్కదాన్నే ప్రాక్టీస్ చేయాలి. గాల్లో ఎంచుకోవడానికి టైమ్ ఉండదు.

దిగాక మొదట చూడాల్సింది కిల్ లైన్, అంటే పైలట్ చూట్‌ని మడతపడేలా చేసే తాడు. మడతపడే రకం పైలట్ చూట్‌ని ప్యాకింగ్‌లో కాక్ చేయడం (విచ్చుకునేలా సిద్ధం చేయడం) మర్చిపోతే అది గాలిలో నీరసంగా ఊగుతుంది, కంటైనర్‌ని మూసి ఉంచే పిన్ లాగే బలం రాదు. బ్రైడిల్ (పైలట్ చూట్‌ని బ్యాగ్‌కి కలిపే పట్టీ) మీద ఉండే చిన్న కిటికీలో రంగు కనిపిస్తే కాక్ అయినట్టు. రంగు కనిపించినా పైలట్ చూట్ పూర్తిగా విచ్చుకోకపోతే కిల్ లైన్ వాడగా వాడగా పొట్టిదైందని అర్థం, మార్పించాలి. తర్వాత బ్రైడిల్ దారి తప్పి దేనికైనా చుట్టుకుందా, క్లోజింగ్ లూప్ (పిన్ దూరే తాడు ఉచ్చు) మరీ బిగుతుగా ఉందా, పిన్ వంగిందా అని చూడండి. పిన్ మీద వేలి గోరు నెమ్మదిగా జరిపితే చిన్న గరుకు కూడా తెలుస్తుంది.

కంటైనర్ తెరుచుకుని బ్యాగ్ (కానోపీని మడిచి పెట్టే సంచి) బయటికొచ్చి, బ్యాగ్ మాత్రం విప్పుకోకపోతే అది బ్యాగ్ లాక్. కట్‌అవే, వెంటనే రిజర్వ్. సాధారణంగా దీనికి కారణం రబ్బర్ బ్యాండ్ దగ్గరే ఉంటుంది: లైన్ల కట్ట మీద రెండు చుట్లు మరీ గట్టిగా తిప్పడమో, లైన్ ఒక ముడిలా మెలిక పడడమో.

తెరుచుకుంది, కానీ మెడ విరిగినంత పనైంది

గట్టి ఓపెనింగ్‌ని "ఆ, ఒక్కోసారి అలా అవుతుందిలే" అని వదిలేసేవాళ్ళని చాలామందిని చూశాను. దయచేసి వదలకండి. దీనివల్ల మెడ, వెన్ను దెబ్బతిన్నవాళ్ళున్నారు, లైన్లు తెగిన సందర్భాలున్నాయి. గాల్లో చేయగలిగింది తక్కువే: తల తిప్పి చూడండి, చేతులు కాళ్ళు పనిచేస్తున్నాయో చూసుకోండి, కానోపీ గుడ్డ ఎక్కడైనా చిరిగిందేమో చూడండి, ఎత్తుండగానే ఫ్లేర్ (దిగేముందు రెండు బ్రేకులూ లాగి వేగం తగ్గించడం) పరీక్షించండి.

అసలు పని దిగాక. గుడ్డ ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపేది స్లైడర్. నాలుగు మూలలా గ్రోమెట్లు (లోహపు రింగులు) ఉన్న ఆ చిన్న గుడ్డ లైన్ల మీద మెల్లగా కిందికి జారుతూ కానోపీని నిదానంగా తెరుచుకోనిస్తుంది. ప్యాక్ చేసేటప్పుడు నాలుగు గ్రోమెట్లూ పైన స్టాపర్లకి ఆనుకుని ఉండాలి. బ్యాగ్‌లో పెట్టే హడావిడిలో ఒక్కటి నాలుగు వేళ్ళు కిందికి జారినా తేడా తెలుస్తుంది. నేను కానోపీని మడిచాక, బ్యాగ్‌లోకి తోసే ముందు, చేయి లోపలికి పెట్టి నాలుగు గ్రోమెట్లనీ ఒక్కొక్కటిగా తడిమి చూస్తాను. పది సెకన్ల పని.

స్లైడర్ సరిగ్గానే ఉంటే స్టోలు (రబ్బర్ బ్యాండ్లతో పట్టి ఉంచే లైన్ల మడతలు) చూడండి. రబ్బర్ వదులైతే బ్యాగ్ పైకి లేవగానే లైన్లన్నీ ఒకేసారి ఊడిపడతాయి, లైన్లు సాగకముందే కానోపీ బ్యాగ్‌లోంచి బయటపడుతుంది. పగుళ్ళిచ్చిన రబ్బర్‌ని ఇంకో జంప్‌కి దాచొద్దు. ఆ తర్వాత మీ వేగం. తలకిందులుగా పడేవాళ్ళ వేగం గంటకి 250 కిలోమీటర్లు దాటుతుంది, పొట్ట మీదికి తిరిగి నెమ్మదించాకే లాగాలి. ఇవన్నీ బాగున్నా కొట్టినట్టు తెరుచుకుంటుంటే లైన్ల కొలతలు మారాయేమో రిగ్గర్‌తో (పారాచూట్లు బాగుచేసే నిపుణుడితో) కొలిపించండి.

కానోపీ వచ్చింది, గిర్రున తిరుగుతోంది

తెరుచుకున్న కానోపీని మూడు ప్రశ్నలు అడగాలి: పైన ఉందా, చదరంగా ఉందా, చెప్పినట్టు తిరుగుతోందా. మూడోదానికే ఎక్కువగా "లేదు" అని జవాబొస్తుంది. దానికి మూడు వేర్వేరు కారణాలుంటాయి.

ఒక వైపు బ్రేక్ ముందే ఊడిపోయి ఉండొచ్చు. రెండో టాగుల్ (బ్రేక్ లైన్ లాగే పిడి) కూడా విప్పేస్తే సమస్య తీరిపోతుంది. దిగాక ఆ టాగుల్ దూర్చే చోటు, వెల్‌క్రో అరిగాయేమో చూడండి.

మెడ వెనక రైజర్లు (భుజాల నుంచి లైన్లకి కలిపే పట్టీలు) తాడులా మెలిపడి ఉంటే అది లైన్ ట్విస్ట్. రైజర్లని రెండు చేతులతో దూరంగా లాగుతూ, మెలిక విడిపోయే వైపు కాళ్ళు తన్నండి. మెలిక విడిపోయేదాకా బ్రేకులు విప్పకండి. తిరుగుడు జోరందుకుంటే మాత్రం తన్నుతూ కూర్చోవద్దు, కట్‌అవే చేసేయండి. లాగేటప్పుడు ఒక భుజం కిందికి వాలడం, లెగ్ స్ట్రాప్‌లు సమానంగా బిగించకపోవడం, బ్యాగ్‌లో గుడ్డ ఒక వైపే ఎక్కువ ఉండడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. చిన్న కానోపీ వేసుకున్నవాళ్ళకి ఇదే ట్విస్ట్ చాలా వేగంగా ప్రమాదంగా మారుతుంది.

మూడోది టెన్షన్ నాట్. నాకోసారి కానోపీ చక్కగా తెరుచుకుని కూడా కుడికే తిరుగుతూ పోయింది. తల ఎత్తి చూస్తే కుడి బ్రేక్ లైన్ల మధ్య శనగ గింజంత ముడి. టాగుల్స్ రెండూ కింది దాకా లాగి వదిలాను, రెండోసారి కూడా లాగాను. మూడోసారికి అది విడిపోయింది. దిగాక బ్రేక్ లైన్ పట్టుకుని మెలికలు విప్పుతూ లెక్కపెడితే పదకొండున్నాయి. ప్రతి జంప్ తర్వాతా టాగుల్స్ వదిలేసి, కానోపీ భుజాన వేసుకుని నడిచి వచ్చి, విప్పకుండానే మళ్ళీ బ్రేకులు కట్టేస్తున్నాను. తప్పు నాదే. ఇప్పుడు బ్రేకులు కట్టే ముందు ప్రతిసారీ టాగుల్ కిందికి వేలాడదీసి లైన్ నిటారుగా అయ్యేదాకా తిప్పుతాను. రెండు మూడు ప్రయత్నాలకి ముడి వీడకపోతే, ఎదురు టాగుల్‌తో నేరుగా పోనిచ్చి ఫ్లేర్ కూడా చేయగలమా అని చూడాలి. కుదరకపోతే, నిర్ణయం తీసుకునే ఎత్తు కంటే కిందికి పోకముందే కట్‌అవే.

స్లైడర్ సగంలో ఆగిపోయినా ఇదే తీరు. రెండు టాగుల్సూ కింది దాకా లాగి పట్టి వదులుతూ ఉండండి. దిగాక గ్రోమెట్ల లోపలి అంచు తడిమి చూడండి, గీతలుంటే అవే లైన్లని కోస్తున్నాయి.

బ్రేకులు పూర్తిగా వదిలినా కానోపీ మొద్దుగా ఉంది

ఇది ఒక్క రోజులో వచ్చేది కాదు. స్పెక్ట్రా అనే రకం లైన్లకి వేడి పడదు. స్లైడర్ రాపిడి వేడికి అవి జంప్ జంప్‌కీ కొంచెం కుదించుకుపోతాయి, బయటి లైన్లూ బ్రేక్ లైన్లూ ఎక్కువగా. టాగుల్స్ పైకి వదిలినప్పుడు బ్రేక్ లైన్లు వెనక్కి వదులుగా విల్లులా వంగాలి. అలా కాకుండా బిగిసి, వెనక అంచుని కిందికి లాగుతుంటే పొట్టివయ్యాయి. రిగ్గర్‌తో లైన్ సెట్ మార్పించాల్సిందే. వెక్ట్రాన్ అనే ఇంకో రకం లైన్లు కుదించుకుపోవు, కానీ అరిగి తెగిపోతాయి. కాబట్టి అక్కడ పొడవు కంటే పీచులు లేచాయేమో చూడాలి.

కట్‌అవే హ్యాండిల్ గట్టిగా ఉంది

ముందు చూపు, తర్వాత చేయి. ఎర్ర హ్యాండిల్ వైపు చూడండి, రెండు చేతులతో పట్టండి, వెల్‌క్రో ఊడేలా ఒలిచి చేయి చాచేదాకా తోయండి. వెంటనే రిజర్వ్ హ్యాండిల్. ఆర్ఎస్ఎల్ (మెయిన్ వదిలిపోగానే రిజర్వ్‌ని దానంతటదే లాగే తాడు) ఉంది కదా అని రిజర్వ్ హ్యాండిల్ లాగకుండా ఆగొద్దు.

కానోపీని వదిలించే త్రీ రింగ్ వ్యవస్థని బిల్ బూత్ 1970లలో తయారుచేశాడు. మూడు రింగులు ఒకదాంట్లో ఒకటి దూరి బరువుని తగ్గించుకుంటూ పోతాయి, చివరికి కేబుల్ మీద పడేది చాలా తక్కువ. అందుకే మామూలుగా తేలిగ్గా రావాలి. రాకపోతే కేబుల్‌కి మట్టి, జిగట పట్టి ఉంటుంది. నెలకోసారి రైజర్లు విప్పి, కేబుల్స్ శుభ్రంగా తుడిచి, రింగులున్న పట్టీని నాలుగు వైపులా వంచి మెత్తబరచండి. చాలామంది ఇది పక్కన పెట్టేస్తారు. వేగంగా తిరిగే ట్విస్ట్‌లో రైజర్ మెలిపడి కేబుల్‌ని నొక్కేస్తుంది కూడా. దానికి రైజర్ లోపల గట్టి గొట్టం ఉన్న రకం వాడితే మంచిది.

రెండు కానోపీలు బయటికొచ్చాయి

ఒకదాని వెనక ఒకటి ఉంటే కట్‌అవే చేయొద్దు, ముందుదాన్ని చాలా మెల్లగా తిప్పుతూ, ఫ్లేర్ చేయకుండా దిగండి. పక్కపక్కన ఉన్నా తొందరపడకూడదు. రెండూ విడిపోయి నేల వైపు లాగుతుంటే మాత్రం మెయిన్ వదిలేయండి.

తరచూ దీనికి మూలం ఆలస్యంగా లాగడం. ఏఏడీ అనే చిన్న పెట్టె ఎత్తూ వేగమూ కొలుస్తూ ఉంటుంది. ఎక్స్‌పర్ట్ సైప్రెస్ అనే మోడల్‌లో అయితే సుమారు 225 మీటర్ల ఎత్తులో ఇంకా సెకనుకి 35 మీటర్లకి పైగా పడుతుంటే రిజర్వ్ లూప్‌ని కోసి రిజర్వ్‌ని తెరిచేస్తుంది. ఇప్పటి కానోపీలు నిదానంగా తెరుచుకుంటాయి, ఆ మధ్యలో వందల అడుగులు పోతాయి, ఈలోగా ఏఏడీ పనిచేసి రిజర్వ్ కూడా బయటికొస్తుంది. సీ, డీ (పై స్థాయి) లైసెన్స్ వాళ్ళకి 2,000 అడుగులు ఉండే కనీస ఎత్తుని 2013లో 2,500కి పెంచింది కూడా ఇలాంటివి చూసే. ఏఏడీని దిగబోయే చోటే ఆన్ చేయండి. ఇంటి దగ్గర ఆన్ చేసి వేరే ఎత్తున్న ఊరికి తెస్తే దాని సున్నా తప్పుతుంది. తెర మీద ఎర్రర్ కోడ్ వస్తే ఆ రోజుకి దూకకండి.

విమానం ఎక్కకముందే కనిపించేవి

ఛెస్ట్ స్ట్రాప్ బకిల్‌లోంచి వెనక్కి తిరిగి రావాలి. తప్పుగా దూరిస్తే బిగుతుగానే అనిపిస్తుంది, అద్దంలో బాగానే కనిపిస్తుంది, లోడ్ పడగానే జారిపోతుంది. చివర పట్టుకుని గట్టిగా లాగి చూడండి. రిజర్వ్ పిన్ దగ్గర ఎర్ర దారం, సీసపు ముద్ర లేకపోతే రిగ్ పక్కన పెట్టండి. అమెరికాలో రిజర్వ్‌ని 180 రోజులకోసారి రిగ్గర్ మళ్ళీ ప్యాక్ చేయాలి, ఆ తేదీ కార్డులో చూడండి. అరిగిన క్లోజింగ్ లూప్ అప్పటికప్పుడే మార్చండి. అది వదులైతే విమానంలోనే పిన్ జారొచ్చు. తలుపు తెరిచి ఉండగా పైలట్ చూట్ బయటికి పోయిందా, ఆ మనిషి క్షణం ఆగకుండా దూకేయాలి. లేకపోతే కానోపీ అతన్ని విమానం తోకకి గుద్దేలా లాగేస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి

ఫ్రీఫాల్‌లో అదుపు లేకుండా తిరుగుతుంటే ఎక్కువగా కాళ్ళే కారణం, ఒకటి వంగి ఒకటి చాచి ఉంటుంది. నడుము ముందుకి తోసి ఊపిరి వదలండి, కాళ్ళు సమానం చేయండి. ఐదు సెకన్లలో అదుపు రాకపోతే లాగేయండి. హ్యాండిల్స్ ప్రాక్టీస్ వేలాడే హార్నెస్‌లోనే చేయండి, నిలబడి చేస్తే చేతికి చోటు తప్పు అలవాటవుతుంది. రిగ్ మారిన రోజు హ్యాండిల్ చోటు కూడా రెండు వేళ్ళు మారుతుంది, ఎక్కకముందు పది సార్లు తాకి చూసుకోండి.

దిగేటప్పుడు తరచూ జరిగే తప్పు, నేలనే సూటిగా చూస్తూ మరీ పైనే ఫ్లేర్ చేసేయడం. చూపు కొంచెం ముందుకి ఉంచి, కాళ్ళ కింద పది, పన్నెండు అడుగులుండగా మొదలుపెట్టాలి. పైనే లాగేశారని తెలిసిన క్షణంలో చేతులు పైకి వదలకండి, కానోపీ ముందుకి దూకి నేలకి కొడుతుంది. ఎక్కడున్నాయో అక్కడే ఆపండి, మోకాళ్ళూ పాదాలూ కలిపి కొంచెం వంచండి, నేల దగ్గరికొచ్చాక మిగిలిన భాగం లాగి పక్కకి దొర్లండి.