చారు చెంబు నుంచి రక్త పరీక్ష దాకా: చెన్నై వంటింట్లో సీసం ఎక్కడుందో పట్టుకోవడం

టానిక్ ఎంత పోసినా పిల్లాడికి హిమోగ్లోబిన్ పెరగదు. తరచూ కడుపునొప్పి, మలబద్ధకం. చదువు మీద ధ్యాస నిలవదు. వీటికి కారణాలు చాలా ఉండొచ్చు, వాటిలో సీసం ఒకటి. దానికి రుచీ వాసనా లేవు కాబట్టి ఎవరికీ తట్టదు. పెద్దవాళ్లలో అది బీపీగా, కిడ్నీ జబ్బుగా బయటపడుతుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదు అని చెప్పదగ్గ మోతాదు సీసానికి లేదు.

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మిగిలిన దారుల్లో ముఖ్యమైనవి వంటింట్లోనే ఉన్నాయి. ఈలోగా తిండి కూడా మారింది. గంజి వార్చే గిన్నె పోయి కుక్కర్ వచ్చింది. సంకటి పోయి మూడు పూటలా బియ్యమే అయింది. కొమ్ములు కొని పట్టించుకునే పసుపు స్థానంలో లూజు పొడి, పొద్దున టిఫిన్ స్థానంలో ఒట్టి కాఫీ. వీటిలో కొన్ని లోపలికి వచ్చే లోహాన్ని పెంచుతాయి, కొన్ని పేగు దాన్ని పట్టి ఉంచేలా చేస్తాయి. పేగు గోడకు సీసానికీ, కాల్షియం–ఇనుముకీ మధ్య తేడా సరిగా తెలియదు. ఆ రెండూ తక్కువైన ఒంట్లోకి సీసం సులువుగా ఎక్కుతుంది, కడుపు ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువ. మింగిన సీసంలో దాదాపు సగం దాకా చిన్నపిల్లల ఒంటికి పడుతుంది. పెద్దల్లో అది పదో వంతు చుట్టూ ఉంటుంది. అందుకే పని రెండు వైపుల నుంచీ చేయాలి. ముందు సీసం వచ్చే దారి మూయాలి, ఆ తర్వాత పళ్లెం సరిచేయాలి.

ఈయ చెంబు

చారు కాచే ఈ తగరపు చెంబు చెన్నైలో చారు ఇష్టపడే ఇళ్లలో తరచూ కనిపిస్తుంది. చెంబు నిజంగా తగరంతో చేసిందైతే పెద్దగా భయం లేదు. కానీ తగరం ధర సీసం ధరకు పది రెట్ల పైమాట, కలపాలన్న ఆశ పుట్టేది అక్కడే. చింతపండు, టమాటా పులుపు వేడి మీద సీసాన్ని లాగేస్తాయి. చెంబును ఇంట్లోనే ఇలా పరీక్షించవచ్చు:

1. చెంబును కడిగి, ఆరబెట్టి, ఒక గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ తూకం మీద బరువు చూడండి.
2. అదే తూకం మీద చెంబు పూర్తిగా మునిగేంత నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్ పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయండి. నీళ్లతో కలిపి బరువు తూకం పరిమితి దాటకూడదు.
3. చెంబుకు సన్నని దారం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో ముంచి పట్టుకోండి. చెంబును వంచుతూ లోపలి గాలంతా పోనివ్వండి.
4. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించండి. వచ్చేది సాంద్రత.

తగరం సాంద్రత 7.3, సీసానిది 11.3. 600 గ్రాముల అసలు తగరపు చెంబు ముంచితే తూకం 82 చుట్టూ చూపాలి. సగం సీసమైతే 67 దగ్గరే ఆగుతుంది. పదో వంతు సీసం ఉంటే 79 వస్తుంది, అంటే తేడా మూడు గ్రాములే. ఒక్క గాలి బుడగ మిగిలినా అంకె పెరిగి చెడ్డ చెంబు మంచిదిగా కనిపిస్తుంది కాబట్టి మూడుసార్లు ముంచి చూడండి. సాంద్రత 7.5 దాటితే ఆ చెంబులో వంట ఆపేయండి. 7.2 కన్నా తగ్గితే వేరే లోహమేదో కలిసినట్టే. సరిగ్గా 7.3 వచ్చినా పూర్తి భరోసా కాదు. బరువైన సీసాన్నీ తేలికైన లోహాన్నీ కలిపి లెక్క సరిపెట్టవచ్చు. నిర్ధారణ కావాలంటే బంగారం నాణ్యత చూసే చోట ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం మీద, సీసం విడిగా చూపించే సెట్టింగ్ ఉందా అని అడిగి, చూపించుకోవాలి. బరువు వేసి, వంచి చూసి ఇచ్చే దుకాణదారు మాట సరిపోదు.

చెంబు మంచిదని తేలాక కూడా చారు నీళ్లు పోశాకే పొయ్యి వెలిగించండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీగా పెడితే అడుగు కారిపోతుంది. పొంగు రాగానే చారు స్టీలు గిన్నెలోకి వంచేయండి. అతుకులు టంకంతో వేయించిన చెంబు వద్దు. ఇత్తడి గిన్నెలకు వేయించే కళాయికీ ఇదే నియమం: తగరం కడ్డీ మీరే కొని, మీ కళ్లముందే పూయించుకోండి.

రోడ్డు పక్కన కిలో లెక్కన అమ్మే పోత అల్యూమినియం కడాయిల్లో పాత ఇంజను భాగాలు, తుక్కు కరిగి ఉండొచ్చు. వాటిలో సీసం ఉందో లేదో చూస్తే తెలియదు. పులుసు, పచ్చడి, టమాటా వేసే వంటలు స్టీలులో చేయండి. ఇనుప మూకుడు అయితే కాస్త ఇనుము కూడా దొరుకుతుంది. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో ఉత్తర్వు వచ్చింది, కొనేటప్పుడు ఆ గుర్తు వెతకండి.

పసుపు

పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి కొందరు లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు పూస్తారు. పొడి చేస్తే అదంతా పొడిలోకే వస్తుంది. మన నిబంధన ప్రకారం పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులోనే ఉన్న పసుపు రోజుకు 3 గ్రాములు వాడే నలుగురి ఇంట్లో మనిషికి 7.5 మైక్రోగ్రాముల సీసం అందుతుంది. తిండి ద్వారా పిల్లలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క. హద్దులో ఉన్న సరుకుతోనే ఇలా ఉంటే, రంగు పూసిన సరుకు సంగతి చెప్పనక్కర్లేదు.

కొత్తవాల్ చావడిలో గానీ, మీ వీధి కొట్టులో గానీ మరీ మెరిసే, నునుపు చేసిన కొమ్ములు వదిలేసి, గరుకుగా, మట్టి రంగు కనిపించే కొమ్ములు అడగండి. ఒక కొమ్మును గాజు గ్లాసు నీళ్లలో వేయండి. వేసీ వేయగానే పచ్చటి చారలు దిగితే ఆ సరుకు వద్దు. నీళ్లు తేటగా ఉంటే కొమ్ములు కడిగి, బాగా ఎండబెట్టి మిల్లులో పట్టించుకోండి. ముందు పట్టినవాళ్ల పొడి కలుస్తుంది కాబట్టి మొదటి గుప్పెడు పొడి పక్కన పెట్టేయండి. ఈ గ్లాసు పరీక్ష కొమ్ములకే పనికొస్తుంది. పొడిలో కొద్దిగా ఉన్న సీసాన్ని ఇంట్లో పట్టుకునే మార్గం లేదు, దానికి ల్యాబే దిక్కు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే లూజు పొడి కొనడం పూర్తిగా మానండి.

కళ్లకు పెట్టే సుర్మా, కొన్ని బజారు కాటుకలు, ఎర్ర సింధూరం, నాగభస్మం (సీసంతో చేసే ఆయుర్వేద భస్మం) కలిసిన మందులు కూడా సీసం వచ్చే దారులే. పసివాళ్ల కంటికి కాటుక పెట్టకండి. బజ్జీల నూనె న్యూస్‌పేపర్‌తో పీల్పించే అలవాటు మానమని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా హెచ్చరించింది, సిరాలో సీసం లాంటివి ఉంటాయి.

అన్నం, చేప, నీళ్లు

బియ్యంలో సమస్య సీసం కన్నా ఆర్సెనిక్ (పాషాణం). నీళ్లు నిలిచిన మళ్లలో వరి దాన్ని ఎక్కువగా లాగుతుంది, తవుడులో ఎక్కువగా దాస్తుంది. అందుకే ముడిబియ్యంలో ఇంకాస్త ఎక్కువ. కుక్కర్లో నీళ్లన్నీ ఇంకిపోతాయి కాబట్టి ఉన్నదంతా అన్నంలోనే మిగులుతుంది. తగ్గించాలంటే కప్పు బియ్యానికి నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, బియ్యం వేసి ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పూర్తిగా వార్చేయండి. మళ్లీ రెండు కప్పుల కొత్త నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని మంట మీద ఇంకేదాకా ఉంచండి. పరీక్షల్లో ఈ పద్ధతి తెల్లబియ్యంలో ఆర్సెనిక్‌ను సగం కన్నా ఎక్కువే తగ్గించింది. కొన్ని బీ విటమిన్లు పోతాయి, పప్పూ ఆకుకూరా ఉన్న ఇంట్లో అది పెద్ద నష్టం కాదు. మూడు పూటలా అన్నమే తినే పిల్లలున్న ఇళ్లలో ఈ పని తప్పక చేయదగ్గది. మిగతావాళ్లు రోజుకో పూట రాగి, జొన్న, సజ్జకు మారితే చాలు.

చేపల్లో చూడాల్సింది పాదరసం. పెద్ద చేప చిన్న చేపల్ని తిని పోగేసుకుంటుంది, అది కండలోనే ఉంటుంది, కడిగినా వేయించినా పోదు. కాసిమేడులో గానీ చింతాద్రిపేటలో గానీ నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు తీసుకోండి. గర్భిణులు చేప మానేయక్కర్లేదు, వారానికి రెండు మూడు సార్లు ఇవే తినొచ్చు. బాలింతలకు పాలు పడతాయని పెట్టే సొరచేప పిట్టు మాత్రం మార్చుకోదగ్గ అలవాటు. సొర వేటాడి బతికే చేప. అదే అల్లం, వెల్లుల్లి, మిరియాలతో ముళ్లు తీసిన నెత్తళ్ల పిట్టు చేసి పెట్టండి.

నీళ్లు కాచితే లోహం పోదు, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కూడా సీసాన్ని పట్టలేదు. నీటిలో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, మీటరు చూపేది అన్ని లవణాలూ కలిపి పూర్ణాంకాల్లో. రాత్రంతా ఇత్తడి కుళాయిలో నిలిచిన నీటిని అర నిమిషం వదిలి మొక్కలకు పోయండి. మెంబ్రేన్ (వడపోత పొర) వేళకు మార్చే ఆర్వో ఫిల్టర్ సీసాన్ని తీసేస్తుంది.

గుమ్మిడిపూండి వైపు బ్యాటరీ, సీసం పనికి వెళ్లేవాళ్లు, సోల్డరింగ్, రేడియేటర్ రిపేరు చేసేవాళ్లు పని దుస్తులు అక్కడే మార్చి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇంటి నేల తడిగుడ్డతో తుడవాలి, చీపురుతో ఊడిస్తే ధూళి లేస్తుంది.

పళ్లెంలో ఏముండాలి

పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వెళ్లకూడదు, ఇది అన్నిటికన్నా చౌకైన రక్షణ. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పెరుగు, వారంలో మూడు నాలుగు రోజులు మునగాకు పప్పు, నువ్వుల పొడి సరిపోతాయి. ఇనుము ఒంటికి పట్టాలంటే అదే ముద్దలో నిమ్మరసం, ఉసిరి పచ్చడి, లేదా భోజనం చివర జామకాయ ఉండాలి. భోజనం తర్వాత గంట దాకా టీ, కాఫీ వద్దు. కొత్తిమీర జ్యూసులు, డీటాక్స్ పొడులు ఎముకలో చేరిన సీసాన్ని బయటికి లాగవు. ఎముకలో అది దశాబ్దాలు ఉంటుంది, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి కాల్షియం తగ్గితే అక్కడి నుంచే బిడ్డకు చేరుతుంది.

పరీక్ష ఎలా చేయించాలి

చాలా లోహాలు కలిపి చూసే పెద్ద హెవీ మెటల్ ప్యానెల్‌కు డబ్బు పోయకుండా ముందు రక్తంలో సీసం ఒక్కటే, దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపేది) చేయించండి. నరం నుంచి తీసిన రక్తమే కావాలి. వేలికొన నుంచి తీస్తే చర్మం మీది ధూళి కలిసి తప్పు అంకె రావచ్చు. వెంట్రుకల పరీక్ష, మందు ఇచ్చి మూత్రం చూసే పరీక్ష నమ్మదగినవి కావు.

రిపోర్టులో ముందు కొలమానం చూడండి. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, లీటరుకు 35 మైక్రోగ్రాములు ఒకటే. ఇది గమనించక కంగారుపడేవాళ్లూ ఉన్నారు, ధీమా పడేవాళ్లూ ఉన్నారు. పిల్లల్లో డెసిలీటరుకు 3.5 దాటితే మిగతావారికన్నా ఎక్కువ ఉన్నట్టని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. 5 దాటితే మూలం వెతికి ఆపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 45 దాటితే ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సీసాన్ని బయటికి లాగే మందులు అక్కడి డాక్టర్ల పర్యవేక్షణలోనే వాడాలి. ఆ మందులు ఇంట్లో, ఆన్‌లైన్లో కొని వాడితే కిడ్నీలకు ముప్పు, సీసం వచ్చే దారి మూయకుండా వాడితే ఫలితమూ ఉండదు.

ఒకరికి ఎక్కువ వస్తే ఇంట్లో మిగతా పిల్లలకూ, గర్భిణికీ కూడా చేయించండి, అందరూ తినేది ఒకే పోపుడబ్బాలోంచి కదా. అనుమానం ఉన్న చెంబు, పసుపు, కాటుక అన్నీ ఒకేసారి ఆపేసి, ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ అదే ల్యాబ్‌లో చూడండి. రక్తంలో సీసం నెలకు దాదాపు సగం తగ్గాలి, చాలాకాలంగా పేరుకున్నదైతే ఎముక నుంచి ఊరుతూ ఇంకా నిదానంగా దిగుతుంది. అంకె కదలకపోయినా, పెరిగినా మూలం ఇంకా ఇంట్లోనే ఉంది. అప్పుడు వాడే పసుపు, కారం, మిరియాల పొడి విడివిడి పొట్లాలు కట్టి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. ప్రతి పొట్లం మీద కొన్న కొట్టు, తేదీ రాసి ఉంచండి.