ఏసీ వేస్తే బ్యాటరీ దిగుతోందా? ఇంజన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ మాత్రం పీకొద్దు

మొన్న ఆదివారం అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో ఒక కారు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, లోపల పెద్దవాళ్లు, చంటిబిడ్డ. ఫుల్ ఏసీలో కొంచెం జరగడం, ఆగడం, అలా చాలాసేపు నిలబడేసరికి బ్యాటరీ బొమ్మ ఎర్రలైటు వెలిగింది. పక్క బండాయన సాయం చేద్దామనే వచ్చి, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ మైనస్ టెర్మినల్ పీకేశాడు, డైనమో పనిచేస్తోందో లేదో చూద్దామని. అంతే, ఇంజన్ ఆగింది, టెర్మినల్ మళ్లీ పెట్టినా స్టార్ట్ కాలేదు. షెడ్డుకు లాక్కెళ్తే ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందన్నారు. ఏసీ వేయగానే డైనమోను తిప్పే బెల్టు కీచుమనేదని ఆ ఇంటాయన తర్వాత చెప్పాడు. బెల్టు మార్చుకుంటే పోయేదానికి పదుల వేలు ఖర్చు.

ఎండలు ముదిరాయి, కొండకు వచ్చే బండ్లు పెరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి, టైర్లలో గాలి చూసుకోండి లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఆ టెర్మినల్ పీకే అలవాటు గురించే రాస్తాను, దానివల్ల మునిగినవాళ్లను చాలామందిని చూశాను.

ఆల్టర్నేటర్ (మనం డైనమో అనేది ఇదే, ఇంజన్ తిప్పుతుంటే కరెంటు తయారు చేస్తుంది) నుంచి వచ్చే కరెంటులో ఎగుడుదిగుళ్లను మింగి అదుపులో పెట్టేది బ్యాటరీ. ఏసీ వేసి ఉన్నప్పుడు, బ్యాటరీ దిగి ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ గట్టిగా కరెంటు తోస్తుంటుంది. ఆ క్షణంలో బ్యాటరీని తప్పిస్తే ఆ కరెంటుకు పోయే దారి ఉండదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి కొన్ని బండ్లలో వంద వోల్టుల దాకా పోతుంది. సెకనులో చిన్న వంతే. కానీ ఈసీఎం, ఏబీఎస్ యూనిట్, ఆల్టర్నేటర్ డయోడ్లు, మ్యూజిక్ సిస్టమ్, వీటిలో ఏది పోవడానికైనా అది చాలు. పాత అంబాసిడర్ల కాలంలో బండిలో ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టి చెల్లింది. పైగా ఆ పరీక్షతో తేలేది కూడా ఏమీ లేదు: ఒక డయోడ్ పోయిన ఆల్టర్నేటర్‌తో కూడా ఇంజన్ నడుస్తూనే ఉండొచ్చు, బాగున్నదానితో కూడా ఆగిపోవచ్చు. కాబట్టి ఎవరు చెప్పినా, ఎంత అనుభవమున్న మేస్త్రీ చెప్పినా, ఇంజన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ పీకనివ్వొద్దు.

మరి ఎలా చూడాలి? ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి, డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ దగ్గర 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లలో ఈసీఎమ్మే చార్జింగును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, ఏమీ వేయకముందు కొంచెం తక్కువ చూపించినా కంగారు పడకండి. అసలు పరీక్ష ఆ తర్వాత: ఏసీ, బ్లోయర్ ఫుల్, హెడ్‌లైట్లు అన్నీ వేయండి. ఏసీ వేస్తే కంప్రెసర్ క్లచ్ తినేది నాలుగైదు ఆంపియర్లే, ఎక్కువ తినేవి బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్. చిన్న కార్ల ఆల్టర్నేటర్ మీద 70 ఆంపియర్లనో 90 అనో రాసి ఉన్నా అది ఇంజన్ బాగా తిరిగినప్పటి లెక్క, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, అందులో సగం రావడమే కష్టం. క్యూలో ఏసీ వేసుకుని నిలబడితే బ్యాటరీ దిగడం అందుకే.

ఐడిల్‌లో 13 కంటే కిందికి పడిపోయి, యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే మళ్లీ పైకి వస్తే, ముందు బెల్టు చూడండి. 2000 దగ్గర కూడా లేవకపోతే వైరింగ్ కూడా చూడాలి: ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు దగ్గర 14.2 ఉండి బ్యాటరీ దగ్గర 13.2 ఉంటే ఆల్టర్నేటర్‌ది తప్పు కాదు, మధ్యలో వైరో టెర్మినలో తుప్పు పట్టింది. ఆ బోల్టు దగ్గర కూడా తక్కువే ఉంటే ఆల్టర్నేటర్‌లోనే తప్పు: కార్బన్ బ్రష్షులో, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరో, డయోడ్లో. ఎర్త్ వైరును అందరూ మర్చిపోతారు, బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బాడీకీ మధ్య మీటర్ పెడితే 0.2 దాటకూడదు. 15 దాటి చూపిస్తే రెగ్యులేటర్ పోయింది, ఇంజన్ ఆపేయండి, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇవన్నీ చూడకుండా కొత్త బ్యాటరీ వేయించకండి, నెల తిరక్కముందే అదీ దిగుతుంది. టెర్మినల్ మీద తెల్లపొడి ఉంటే ఇంజన్ ఆపి, ముందు మైనస్ విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడగండి, పూర్తిగా ఆరనివ్వండి, పెట్టేటప్పుడు ప్లస్ ముందు. మీటర్ పెట్టేటప్పుడు చున్నీ, పంచె, చేతిగుడ్డ బెల్టు దగ్గరికి రానివ్వొద్దు, రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. ఎర్రలైటు వెలిగిందా, ఏసీ ఆపు, బ్లోయర్ ఆపు, పాటలు ఆపు, కిటికీలు దించు. ఆ లైటుతో ఘాట్ ఎక్కొద్దు, తిరుమల అయినా మొగిలి అయినా భాకరాపేట అయినా. చాలా కార్లలో స్టీరింగ్ కరెంటుతోనే తేలికవుతుంది, వోల్టేజీ పడితే మలుపులో బిగుసుకుంటుంది. దిగేటప్పుడు బ్యాటరీ ఆదా అని ఇంజన్ ఆపొద్దు, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బండబారిపోతుంది. ఇంకో బండి బ్యాటరీకి వైర్లు కలిపి జంప్ స్టార్ట్ చేస్తే నలుపు వైరు చివరి క్లిప్పు దిగిన బ్యాటరీ మీద కాదు, దానికి దూరంగా ఇంజన్ ఇనుము మీద, నిప్పురవ్వకు బ్యాటరీ గ్యాసు అంటుకుంటుంది. స్టార్ట్ అయ్యాక మీ బండి బ్యాటరీ టెర్మినల్ తీసి చూద్దామంటారు. తీయనివ్వొద్దు. బానెట్ మూసి, బండి చార్జింగ్ చూపించుకునే షెడ్డుకు పోనివ్వండి. అక్కడా మేస్త్రీ ఇంజన్ ఆన్‌లో ఉండగా స్పానర్ పట్టుకుని బ్యాటరీ వైపు వస్తే, ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపండి, తర్వాత మాట్లాడండి.