ఒకే పేరున్న జర్మన్ ప్రభువులను, బిషప్పులను కలిపేయకుండా రాయడం ఎలా?

మూడవ ఫ్రీడ్రిష్ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ను కాపాడాడు. మూడవ ఫ్రీడ్రిష్ 1701లో ప్రష్యాకు రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. మూడవ ఫ్రీడ్రిష్ 1888లో 99 రోజులు జర్మన్ చక్రవర్తిగా ఉండి కన్నుమూశాడు. మూడు వాక్యాలూ నిజమే, మనుషులు మాత్రం ముగ్గురు. వీళ్లు కాక 1452లో రోములో పట్టాభిషేకం జరిగిన చక్రవర్తి మూడవ ఫ్రీడ్రిష్ ఒకడు, 1563లో హైడెల్‌బెర్గ్ ప్రశ్నోత్తరి అనే మతబోధ పుస్తకం రాయించిన పాలటినేట్ ప్రభువు మూడవ ఫ్రీడ్రిష్ ఇంకొకడు.

యూరప్ చరిత్ర మీద తెలుగులో వచ్చే రాతప్రతులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. లూథర్‌ను కాపాడిన సాక్సనీ ప్రభువుకు చక్రవర్తి కిరీటం పెట్టేసిన వ్యాసాలు ఎన్ని చూశానో లెక్కలేదు. రాసేవాళ్లు చదవక చేసే తప్పు కాదిది. చదివినదాన్ని ఏ మనిషి ఖాతాలో వేయాలో తేల్చుకోకుండా రాయడం వల్ల వస్తుంది. అందుకే నేను పాటించే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

కావలసినవి

గీతల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు. ఫోనులో రాసుకోవద్దు. పేర్లు ఒకదాని కింద ఒకటి కంటికి కనబడాలి, మనిషికో పేజీ ఉండాలి. పెన్ను వాడకండి, కొట్టివేతలు పెరిగాక ఏది ఉంచారో ఏది తీసేశారో మీకే తెలియదు.

1. పేరును జర్మన్ రూపంలోకి తెచ్చుకోండి

ఇంగ్లీషు పుస్తకంలో ఫ్రెడరిక్ అంటే ఫ్రీడ్రిష్. హెన్రీ అంటే హైన్‌రిష్, చార్లెస్ అంటే కార్ల్, విలియం అంటే విల్‌హెల్మ్, లూయీ అంటే లుడ్విగ్, ఆల్బర్ట్ అని కనబడితే చాలాసార్లు ఆల్‌బ్రెష్ట్. ఒక పుస్తకంలో ఆల్బర్ట్‌ను, ఇంకో పుస్తకంలో ఆల్‌బ్రెష్ట్‌ను చూసి ఇద్దరనుకున్నవాళ్లు ఉన్నారు. జర్మన్ మనిషి పేరు జర్మన్‌లోనే రాయాలి, ఇందులో వేరే మాట లేదు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అదే రూపం ఉండాలి.

2. పుట్టిన ఏడాది, పోయిన ఏడాది

పేజీ నెత్తిన రాసుకోండి. తేదీల్లో పది రోజుల తేడా కనబడితే కంగారు పడవద్దు. కాథలిక్ సంస్థానాలు చాలావరకు 1580లలోనే కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్‌కు మారాయి, ప్రొటెస్టెంట్ సంస్థానాలు 1700 దాకా పాత దాన్నే పట్టుకుని ఉన్నాయి. ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు ఉండటం అందువల్లే.

3. వంశం, అందులో శాఖ

ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకు ఇది కష్టం కాకూడదు. మన ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వరరావులుంటే ముందు ఇంటిపేరే కదా అడుగుతాం. హోహెన్‌జోలెర్న్, విట్టెల్స్‌బాఖ్, వెటిన్, వెల్ఫ్ అని వంశం రాసి పక్కన శాఖ రాయండి. వెటిన్‌లు 1485లో అన్నదమ్ముల పంపకంతో ఎర్నెస్టీన్, ఆల్బర్టీన్ అని రెండుగా చీలారు. ఆ తర్వాత పుట్టినవాడికి శాఖ రాయకపోతే వంశం రాసినా ఉపయోగం లేదు.

జర్మన్ పేర్ల మధ్యలో కనబడే 'ఫాన్' అన్నది ఇంటిపేరు కాదని, 'ఫలానా చోటి' అని మాత్రమే అర్థమని గుర్తుంచుకోండి. 'ఫాన్' తర్వాత వచ్చేదే మనకు కావాలి.

4. గద్దె, గద్దెనెక్కిన ఏడాది

పని చెడేది ఇక్కడే. పై మూడూ పావుగంటలో అయిపోతాయి. దీనికి ఒక్కో మనిషికి ఒక సాయంత్రం పట్టినా పట్టనివ్వండి.

ముందుగా తెలియాల్సింది, పేరు పక్కన అంకె మనిషిది కాదు, గద్దెది. ఆ గద్దె మీద ఆ పేరుతో కూర్చున్నవాళ్లలో ఇతను ఎన్నోవాడో అది చెబుతుంది. మనిషి గద్దె మారితే అంకె కూడా మారుతుంది. రోములో పట్టాభిషేకం జరిగిన ఆ ఫ్రీడ్రిష్‌నే తీసుకోండి. ఆస్ట్రియా డ్యూకుగా అతను ఐదవవాడు, జర్మన్ రాజుగా నాలుగవవాడు, చక్రవర్తిగా మూడవవాడు. రాజుకూ చక్రవర్తికీ తేడా ఎందుకంటే, 1314లో ఇంకో ఫ్రీడ్రిష్ రాజుగా ఎన్నికయ్యాడు కానీ చక్రవర్తి కాలేదు. రాజుల లెక్కలో అతను కలిశాడు, చక్రవర్తుల లెక్కలో కలవలేదు.

1701లో కిరీటం పెట్టుకున్న ఫ్రీడ్రిష్ కూడా అంతే. బ్రాండెన్‌బుర్గ్ ప్రభువుగా మూడవవాడు, ప్రష్యా రాజుగా మొదటివాడు. బవేరియాలో నాలుగవ మాక్సిమిలియన్ యోసెఫ్ 1799లో ఎలెక్టర్ అయ్యాడు. ఎలెక్టర్ అంటే చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుడు. అతనే 1806లో రాజై మొదటి మాక్సిమిలియన్ యోసెఫ్ అయ్యాడు. అదే బవేరియాలో అంతకు ముందే 1651లో పోయిన మొదటి మాక్సిమిలియన్ ఉన్నాడు. కాబట్టి నోటుపుస్తకంలో అంకెను ఒంటరిగా రాయకండి. 'బ్రాండెన్‌బుర్గ్ 3, ప్రష్యా 1' అని గద్దెతో కలిపే రాయండి.

దీనికి తేడాగా నడిచేది రాయిస్ వంశం ఒకటి. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి మగబిడ్డ పేరూ హైన్‌రిష్. ఆరవ హైన్‌రిష్ చక్రవర్తి మీద గౌరవంతో పెట్టుకుంటూ వచ్చారు. గద్దె ఎక్కినా ఎక్కకపోయినా ప్రతివాడికీ అంకె పడుతుంది. పెద్ద శాఖవాళ్లు వంద దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. చిన్న శాఖవాళ్లు శతాబ్దం మారినప్పుడల్లా మొదటికొచ్చేవారు. అందుకని చిన్న శాఖ పాలకులు వరుసగా 62వ హైన్‌రిష్, 67వ హైన్‌రిష్, 14వ హైన్‌రిష్, 27వ హైన్‌రిష్. 67వవాడు 18వ శతాబ్దంలో పుట్టాడు, అతని కొడుకు 14వవాడు 1832లో పుట్టాడు. ఈ వరుసను అచ్చుతప్పనుకుని 14ను 68గా దిద్దిన రాతప్రతి ఒకటి నా చేతికి వచ్చింది. తెలియని అంకెను సవరించడం కంటే అలాగే వదిలేయడం మేలు. వదిలేస్తే తర్వాత ఎవరైనా సరిచూడగలరు, సవరించేస్తే అసలు అంకె పోయినట్టే.

అంకె సరే, ఏడాదులు చూసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. నేను ఎవరికి నేర్పినా ముందు ఇద్దరు ఆల్‌బ్రెష్ట్‌ల పేజీలు తీసి చూపిస్తాను. ఇద్దరి పేరూ బ్రాండెన్‌బుర్గ్ ఆల్‌బ్రెష్ట్. ఇద్దరిదీ హోహెన్‌జోలెర్న్ వంశమే. ఇద్దరూ 1490లోనే పుట్టారు, ఒకరు మే నెలలో, ఇంకొకరు జూన్‌లో. అన్నదమ్ముల బిడ్డలు, ఆల్‌బ్రెష్ట్ అఖిలెస్ అనే తాతకు మనవలు. ఇద్దరూ మతపదవుల్లోకే వెళ్లారు. ఇద్దరి జీవితంలోనూ లూథర్ ఉన్నాడు.

ఒకరు మైంజ్ ఆర్చిబిషప్, కార్డినల్. పాపక్షమాపణ పత్రాలు ఇతని అనుమతితో అమ్ముడవుతుంటే ఆ అమ్మకాన్ని తప్పుపట్టే తన 95 వాదాలు లూథర్ 1517లో ఇతనికే పంపాడు. 1545లో పోయాడు. ఇంకొకరు ట్యుటోనిక్ అనే సన్యాసి యోధుల సంఘానికి అధిపతి. లూథర్ మాట విని సన్యాసం వదిలేసి 1525లో ప్రష్యాకు తొలి డ్యూక్ అయ్యాడు, 1544లో క్యోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయం పెట్టాడు, 1568లో పోయాడు. అంటే ఒకరు లూథర్ ఎదిరించినవాడు, ఒకరు లూథర్ వెంట నడిచినవాడు. వీళ్లను కలిపేస్తే మతసంస్కరణ చరిత్రే తలకిందులవుతుంది.

చిత్రకారుడు డ్యూరర్ 1519లో ఈ కార్డినల్ బొమ్మను రాగిరేకు మీద చెక్కాడు. అచ్చు తీసిన ఆ చిన్న కాగితాన్ని పెద్దది చేసుకుని చూడండి. పై భాగంలో లాటిన్‌లో పొట్టి అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. రోములోని సాన్ క్రిసోగోనో చర్చి కార్డినల్, మైంజ్, మాగ్డెబుర్గ్‌ల ఆర్చిబిషప్, హాల్బర్‌స్టాట్ నిర్వాహకుడు, బ్రాండెన్‌బుర్గ్ మార్‌గ్రేవ్ (సరిహద్దు ప్రాంతపు ప్రభువు) అని పదవులన్నీ వరసగా చెక్కి ఉన్నాయి. అడుగున వయసు 29 అని ఉంటుంది. ఆ ఏడాది పినతండ్రి కొడుకు వయసు కూడా 29 ఏళ్లే కాబట్టి వయసు చూసి ఎవరో చెప్పలేం, పైనున్న గద్దెలు చూసి చెప్పగలం. బొమ్మ మీద అక్షరాలుంటే ముఖం కంటే ముందు వాటిని చదవండి.

(కార్డినల్ ఎక్కువగా ఉన్నది హాలే నగరంలో. తెలుగులో తొలి అచ్చుపుస్తకాలుగా చెప్పుకునేవి 1740లలో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించింది కూడా ఆ ఊళ్లోనే. ఆ పేరు కనబడినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.)

కొందరు వంశవృక్షం ముందు గీసుకోమని చెబుతారు. నేను ఒప్పుకోను. వంశవృక్షంలో తాత పేరే మనవడికి, మేనమామ పేరే మేనల్లుడికి ఉంటుంది. ఏ కొమ్మ పట్టుకున్నా అదే పేరు తగులుతుంది. గద్దె జాబితా అలా కాదు. ఒక గద్దె మీద ఒక ఏడాదిలో సాధారణంగా ఒక్కడే ఉంటాడు. ముందు గద్దెల జాబితా రాసి, వృక్షం తర్వాత గీయండి.

బిషప్పుల దగ్గరికి వచ్చేసరికి ఇది మరీ అవసరం, ఎందుకంటే వాళ్లకు చాలావరకు అంకెలుండవు. వ్యుర్ట్స్‌బుర్గ్ గద్దె చూడండి. 1642 నుంచి 1673 దాకా యోహాన్ ఫిలిప్ ఫాన్ షోన్‌బోర్న్. 1699 నుంచి 1719 దాకా యోహాన్ ఫిలిప్ ఫాన్ గ్రైఫెన్‌క్లావ్. అతని వెంటనే 1724 దాకా యోహాన్ ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ షోన్‌బోర్న్. అక్కడి ప్రసిద్ధ రాజభవనానికి 1720లో పునాది వేసింది ఈ చివరివాడు. 'బిషప్ యోహాన్ ఫిలిప్ భవనం కట్టించాడు' అని రాస్తే ముగ్గురిలో ఎవరో తెలియదు. షోన్‌బోర్న్ అని చేర్చినా ఇద్దరు మిగులుతారు. ఏడాది వేస్తేనే తేలుతుంది.

ఓస్నాబ్రుక్ ఇంకో తరహా. 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధి ప్రకారం అక్కడ ఒకసారి కాథలిక్ బిషప్, తర్వాత ప్రొటెస్టెంట్ బిషప్ వంతులవారీగా ఉండాలి. ప్రొటెస్టెంట్ వంతు వెల్ఫ్ వంశానిది. ప్రొటెస్టెంట్ బిషప్ పెళ్లి చేసుకోవచ్చు, అందుకే 1662లో గద్దెనెక్కిన బిషప్ ఎర్న్‌స్ట్ ఆగుస్ట్‌కు భార్య ఉంది, పిల్లలున్నారు. అతని కొడుకు, పేరు మళ్లీ ఎర్న్‌స్ట్ ఆగుస్టే, 1728లో పోయేదాకా అదే గద్దె మీద ఉన్నాడు. 'బిషప్ కొడుకు బిషప్' అన్న మాట చూసి పొరపాటనుకుని తీసేయకండి. ఆ కొడుకు ఇంగ్లండ్‌లో యార్క్ డ్యూక్ కూడా. 1764లో ఏడాది నిండని ఫ్రీడ్రిష్ అనే పసివాణ్ణి అదే గద్దె మీద పెట్టారు, పెద్దయ్యాక అతనూ యార్క్ డ్యూకే అయ్యాడు. కాబట్టి 'ఓస్నాబ్రుక్ బిషప్, యార్క్ డ్యూక్' అన్నంత మాత్రాన సరిపోదు.

అందుకే గద్దెతో పాటు ఎక్కిన ఏడాది తప్పనిసరి అంటున్నాను. క్లెమెన్స్ ఆగుస్ట్‌లు ముగ్గురిని చూస్తే ఇది పూర్తిగా అర్థమవుతుంది. విట్టెల్స్‌బాఖ్ వంశపు క్లెమెన్స్ ఆగుస్ట్ 1719లో మ్యూన్‌స్టర్ బిషప్, 1723లో కొలోన్ ఆర్చిబిషప్. క్లెమెన్స్ ఆగుస్ట్ ద్రోస్తె త్సు ఫిషెరింగ్ 1836లో కొలోన్ ఆర్చిబిషప్, మరుసటి ఏడాదే ప్రష్యా ప్రభుత్వం ఇతన్ని అరెస్టు చేసింది. క్లెమెన్స్ ఆగుస్ట్ ఫాన్ గాలెన్ 1933లో మ్యూన్‌స్టర్ బిషప్, వికలాంగుల, మానసిక రోగుల హత్యలను 1941లో చర్చి వేదిక మీద నుంచే ఖండించినవాడు. కొలోన్‌లో ఇద్దరు, మ్యూన్‌స్టర్‌లో ఇద్దరు, మనుషులు ముగ్గురు. ఇక్కడ ఇంకో గీత కూడా గీసుకోవాలి. 1803కు ముందు ఇలాంటి బిషప్ రాజ్యం ఏలే ప్రభువు, సైన్యం, పన్నులు అతనివే. ఆ తర్వాతివాడు మతాధికారి మాత్రమే. 1836 నాటి ఆర్చిబిషప్‌ను 'కొలోన్ పాలకుడు' అని రాయకూడదు.

5. తెలుగులో పేరు కట్టడం

అంకెను పేరుకు ముందు, తెలుగులో రాయండి. మూడవ ఫ్రీడ్రిష్, 14వ హైన్‌రిష్. రోమన్ అంకెలు తెలుగు వాక్యంలో వాడకండి. మొదటిసారి పేరు వచ్చినప్పుడు గద్దె, ఏడాదులు కలిపి రాయాలి. రెండోసారి నుంచి గద్దె పేరు చాలు. బిరుదులు, అంటే వివేకి, ధర్మాత్ముడు లాంటివి, మొదటిసారి ఒక్కసారే వాడండి.

1919 తర్వాతి మనిషైతే వరస మారుతుంది. ఆ ఏడాది జర్మనీ రాజ్యాంగం కులీనుల హక్కులు తీసేసింది, బిరుదులు ఇంటిపేరులో భాగమైపోయాయి. అప్పటిదాకా 'ప్రిన్స్ హైన్‌రిష్', ఆ తర్వాత 'హైన్‌రిష్ ప్రిన్స్ రాయిస్'. ఆస్ట్రియాలోనైతే 'ఫాన్' కూడా మిగల్లేదు.

6. సరిచూడటం

రాసిన ప్రతి వాక్యంలో పేరు మీద వేలు పెట్టి మూసి, మిగతాది చదవండి. 'మైంజ్ ఆర్చిబిషప్‌గా 1514లో ఎన్నికైన' అని ఉంటే వేలు తీయకుండానే ఎవరో చెప్పగలరు. 'బ్రాండెన్‌బుర్గ్ వంశంలో 1490లో పుట్టిన' అని మాత్రమే ఉంటే నోటుపుస్తకం తెరిచి నాలుగో మెట్టు మళ్లీ మొదలుపెట్టండి.