పాత బేస్ గిటార్‌ను గుర్తుపట్టడం – మూడో పాఠం: నెక్ విప్పాక

మొదటి పాఠంలో ఆకారాలు చూశాం: ప్రెసిషన్, జాజ్ (రెండూ అమెరికా ఫెండర్ కంపెనీవి), హాఫ్‌నర్ వయొలిన్ బేస్, రికెన్‌బ్యాకర్. రెండో పాఠంలో టేపు పట్టుకుని కొలిచాం. నట్ (నెక్ పై కొసలో తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) వరకు 43.2 సెంటీమీటర్లు ఉంటే ఫెండర్ కొలత, 38.1 ఉంటే హాఫ్‌నర్ కొలత అని నేర్చుకున్నాం. ఆ రెండు పనులకూ స్క్రూడ్రైవర్ అవసరం లేదు. ఈ పాఠానికి కావాలి. దానితోపాటు చిన్న టార్చి, మల్టీమీటర్, ఫోటోలు తీయడానికి ఫోను దగ్గర పెట్టుకోండి.

ముందుగా మర్యాద సంగతి. బేస్ ఇంకా అమ్మేవారి సొత్తే. చెన్నైలో సాలిగ్రామంలోనో వడపళనిలోనో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లారనుకోండి. సినిమా పాటలకు ఏళ్ల తరబడి వాయించిన మనిషి కావచ్చు. తెలుగు సినిమా సంగీతం ఈ ఊళ్లోనే రికార్డయిన కాలంలో ఇక్కడే స్థిరపడ్డ మన వాయిద్యకారుల ఇళ్లు ఆ వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ చొరవగా స్క్రూలు విప్పకూడదు. “మీరు పక్కన ఉండగా నెక్ విప్పి లోపల చూడవచ్చా అండీ? ఎలా ఉన్నది అలాగే బిగించి ఇస్తాను” అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ రోజుకు బయటి పరీక్షతో ఆగి, ధర మాట్లాడకుండా వచ్చేయండి. లోపల చూడని వాయిద్యానికి పాతకాలపు అసలు ధర చెల్లించవద్దు. ఈ ఒక్క విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగవద్దు.

ఇక హెడ్‌స్టాక్ (తీగలు బిగించే ట్యూనర్లు ఉండే నెక్ పై కొస) మీద పేరు. కొత్తగా కొనేవారు మొదట చూసేది అదే, అన్నింటికన్నా తక్కువ నమ్మదగిందీ అదే. ఆ పేరు పలచని డెకాల్, అంటే అంటించే ముద్ర. అచ్చుగుద్దినట్టుండే డెకాల్స్ విడిగా దొరుకుతాయి. నెక్ వెనుక ఉండే స్టీలు పలక కూడా అంతే. 1963 ప్రాంతపు ఫెండర్ పలకల మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే నంబర్లు ఉంటాయి. 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ ఫెండర్‌ను కొన్న తరువాత పలక మీద పెద్ద ఎఫ్ అక్షరం వచ్చింది. ఈ రెండు రకాల పలకలకూ నకళ్లు ఉన్నాయి. పైగా పలక అసలుదే అయినా నాలుగు స్క్రూలు తిప్పితే వేరే బేస్‌కు మారిపోతుంది. అందుకే 1976 వరకు పలక మీద ఉన్న నంబరును వాయిద్యపు నంబరుగా కాక, ఆ పలక నంబరుగా మాత్రమే రాసుకోండి. ఆ తరువాత నంబరు హెడ్‌స్టాక్ మీదికి మారింది.

విప్పే ముందు ఇంకో మూడు చోట్లు చూడండి. మొదటిది ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ఇనుప కడ్డీ) తిప్పే చోటు. 1960లలో ఫెండర్ బేస్‌లకు అది నెక్ మడమ వైపు, బాడీలోకి దిగే కొసలో ఉంటుంది. “1962 నాటిది” అని చూపిస్తున్న బేస్‌కు హెడ్‌స్టాక్ దగ్గర అలెన్ కీ పెట్టే రంధ్రం కనబడితే ఆ నెక్ ఆ కాలానిది కాదు. మరో మాట అవసరం లేదు. రెండోది వేలు ఆనించుకునే చిన్న పట్టీ, లేదా దాని స్క్రూ రంధ్రాలు. మొదట్లో అది సన్న తీగ వైపు ఉండేది, ఎందుకంటే అప్పటి వారు వేళ్లను అక్కడ ఆనించి బొటనవేలితో మీటుతారని లెక్క. 1974 ప్రాంతంలో అది మందపు తీగ వైపుకు మారింది. పట్టీ ఊడిపోయినా రంధ్రాలు మిగులుతాయి. వాటిని పూడ్చి రంగు వేసినా టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే చిన్న గుంట కనిపిస్తుంది. మూడోది నెక్ స్క్రూల సంఖ్య. జాజ్ బేస్‌కు 1970ల మధ్య నుంచి 1980ల తొలి వరకు మూడే స్క్రూలు ఉండేవి. ఆ కాలంలోనూ ప్రెసిషన్‌కు నాలుగే. రికెన్‌బ్యాకర్ 4001కు నెక్ బాడీ గుండా చివరి దాకా సాగుతుంది కాబట్టి వెనుక నెక్ స్క్రూలు కనబడితే అది కాపీ.

తుప్పును చూసి వయసు చెప్పవద్దు. ఈ మాట చెన్నైలో ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. బెసంట్ నగర్‌లోనో శాంథోమ్‌లోనో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో నాలుగైదేళ్లు ఉంచితే కొత్త కాపీ బ్రిడ్జ్ కూడా యాభై ఏళ్ల దానిలా కనిపిస్తుంది. పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంత భాగం) పోల్స్ మీద గోధుమరంగు పొర, స్క్రూ తలల నలుపు, ట్యూనర్ల మీద పచ్చని మచ్చలు అన్నీ ఉప్పుగాలి పనే. హైదరాబాదులోనో అనంతపురంలోనో పెరిగిన వాయిద్యం ఇరవై ఏళ్లు పాతదైనా లోహం మెరుస్తూ ఉండవచ్చు. చెన్నైలో తుప్పు చెప్పేది గాలి గురించే.

ఇప్పుడు విప్పుదాం. తీగలు పూర్తిగా వదులు చేసి, పికప్‌లు, నాబ్‌లు, తీగల వరుస ఫోటో తీసుకోండి. స్క్రూలకు సరిగ్గా సరిపోయే డ్రైవర్ వాడండి, వదులుగా ఉన్నది వాడితే తల పాడవుతుంది. నెక్ మెల్లగా పైకి లేపండి. నెక్ కింద కాగితమో సన్నని చెక్కముక్కో ఉంటే అది ఎలా ఉందో అలాగే దాచండి. నెక్ వాలు సరిచేయడానికి పెట్టింది అది.

నెక్ మడమ మీద ముద్ర ఉంటే మీ అదృష్టం. 1962 నుంచి ఫెండర్ మడమ మీద ఇలా ముద్ర వేసేది: 7 ఎన్‌ఓవీ 64 ఏ. చాలామంది దీన్ని 1964 నవంబరు ఏడో తేదీ అని చదువుతారు. అది తప్పు. మొదటి అంకె తేదీ కాదు, నమూనా సంకేతం: 7 అంటే జాజ్ బేస్, 5 అంటే ప్రెసిషన్. మధ్యలో నెల, సంవత్సరం. చివరి అక్షరం నట్ వెడల్పు: ఏ అంటే అంగుళంన్నర, సీ అంటే అంగుళమూ ముప్పావు. కాబట్టి ముద్ర మొదట్లో 5, చివర ఏ ఉంటే వెంటనే కాలిపర్స్‌తో నట్ కొలవండి. ముద్ర, కొలత ఒకే మాట చెప్పాలి. నకలు వేసేవారు తేదీని శ్రద్ధగా కొడతారు, ఆ చివరి అక్షరాన్ని మాత్రం తరచుగా ఆలోచించరు.

నెక్ దిగే గుంట చూడండి. 1970ల జపాన్ కాపీల్లో చాలా వాటికి బాడీ ప్లైవుడ్. పైన ఎంత అందమైన రంగు ఉన్నా ఆ గుంట అంచున పొరలు పొరలుగా బయటపడుతుంది. ఆ కాపీల పలకల మీద స్టీలుతో బలపరచిన నెక్ అనీ, జపాన్ తయారీ అనీ ఇంగ్లిషులో చెక్కి ఉండటం మామూలు. ఫెండర్ బాడీలు సాధారణంగా ఆల్డర్ లేదా యాష్ చెక్క. గుంటలో రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా గమనించండి. రంగు మందంగా, కార్లకు వేసే పెయింటు తీరులో ఉంటే రెండోసారి వేయించినదే. 1991కు ముందు విదేశీ వాయిద్యాలు, విడిభాగాలు మన దేశంలోకి రావడమే గగనం. సుంకాలు అంత ఎక్కువ. రంగు పాడైతే పుదుపేటలో కార్ల పెయింటు వేసేవారి దగ్గరకే పోయేవి. అది మోసం కాదు, అప్పటి అవసరం. అయితే పాత వాయిద్యాల సంతలో రంగు మార్చిన అసలు ఫెండర్ విలువ దాదాపు సగానికి పడిపోతుంది. దాన్ని ధరలో లెక్కించాల్సిందే.

పిక్‌గార్డ్ (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక) లేదా కంట్రోల్ ప్లేట్ (నాబ్‌లు బిగించిన లోహపు పలక) విప్పండి. ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇది. ఎందుకంటే అమ్మేవారిలో చాలామంది ఇక్కడిదాకా ఎవరూ చూడరనుకుంటారు.

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్ల (పొట్‌ల) వెనుకో పక్కనో అంకెలు చెక్కి ఉంటాయి. మొదటి మూడు అంకెలు తయారీదారు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తరువాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. 1376633 అంటే సీటీఎస్, 1966, ముప్పై మూడో వారం. 1950లలో సంవత్సరానికి ఒకే అంకె ఉండేది. చివరి రెండంకెలు 52 దాటితే మీరు చదువుతున్నది తేదీ కాదు, మరో సంఖ్య. ఒక హెచ్చరిక: ఫెండర్ 1966లో పొట్‌లను పెద్ద ఎత్తున కొని మూడు నాలుగేళ్లు వాడింది. అందుకని 1966 పొట్ ఉన్నంత మాత్రాన బేస్ 1966ది కాదు. పొట్ తేదీ చెప్పేది ఒకటే: అవి మొదటినుంచీ ఉన్నవే అయితే ఈ వాయిద్యం ఆ వారం కన్నా ముందు తయారు కాలేదు.

కాపీల్లో పొట్‌లు చిన్నవిగా, సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. సీటీఎస్ పొట్ దాదాపు 24 మిల్లీమీటర్లు. నాబ్ దూరే కడ్డీ చీలి ఉండటం కూడా కాపీల్లో ఎక్కువ. పికప్‌ను కొద్దిగా పైకెత్తి అడుగు చూడండి. ప్రతి తీగ కింద విడివిడి అయస్కాంతపు కడ్డీలు ఉంటే మంచి సూచన. అడుగున నల్లని సిరామిక్ పట్టీ ఒకటి అతికించి, దాని మీద ఇనుప పోల్స్ నిలబెట్టి ఉంటే చవక పికప్. కేబుల్ కొసల మీద మల్టీమీటర్ పెట్టి, నాబ్‌లన్నీ పూర్తిగా తెరిచి కొలిస్తే ప్రెసిషన్‌కు సుమారు 10 కిలో ఓమ్‌లు రావాలి. జాజ్‌కు రెండో పికప్ పూర్తిగా మూసి ఒకటే కొలిస్తే 7కు అటూ ఇటూ, రెండూ తెరిస్తే అందులో సగం వస్తుంది. దానికి బదులు వంద కిలో ఓమ్‌లకు పైగా వస్తే మీరు కొలుస్తున్నది పొట్‌నే, పికప్ చుట్ట తెగింది. తిరిగి చుట్టించవచ్చు, కానీ విలువ తగ్గుతుంది.

సోల్డర్‌ను తొందరపడి చూడవద్దు. ఈ పరీక్షకు అనుభవం కావాలి. ఫ్యాక్టరీ సోల్డర్ కాలక్రమేణా మసకబారుతుంది. పక్కనే కొత్తగా మెరిసే ముద్ద, కాలిన గుడ్డ తొడుగు తీగ కనబడితే ఎవరో ముట్టుకున్నారు. మన తడిగాలికి జాక్, పొట్‌లు గరగరమనడం సహజం, మార్పించడం కూడా సహజమే.

ఒక ఉదాహరణను చివరి దాకా నడుపుదాం. ఊహించుకోండి, సాలిగ్రామంలో ఒకాయన “మా పెదనాన్నగారు సింగపూర్ నుంచి తెచ్చారు, 1964 జాజ్ బేస్” అంటున్నారు. ఎల్ నంబరు పలక ఉంది. ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలే, అంచున తెల్లని బైండింగ్ (అంచు పట్టీ) లేదు. జాజ్‌కు బైండింగ్ 1965-66లో, చుక్కల బదులు దీర్ఘచతురస్రపు దిమ్మెలు 1966లో వచ్చాయి కాబట్టి ఇక్కడిదాకా సరిపోయింది. పట్టీ రంధ్రాలు సన్న తీగ వైపున ఉన్నాయి. మడమ ముద్ర 7 ఎన్‌ఓవీ 64 ఏ, నట్ అంగుళంన్నర. పొట్‌లు 13766 తో మొదలవుతున్నాయి, సోల్డర్ కొత్తది. గుంట దాకా కార్ పెయింటు. నా తీర్పు: నెక్ 1964 చివరిది, అసలుది. బాడీ ఆ కాలానిదే కావచ్చు, కానీ రంగు రెండోది. విద్యుత్ భాగం తరువాత మార్చారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసింది చెప్పారు. దీనికి పూర్తి అసలు 1964 ధర ఇవ్వవద్దు. వాయించడానికి మాత్రం చక్కని వాయిద్యమని మనసారా చెప్పి, ఆ మేరకు ధర అడగండి.

జపాన్ కాపీలను చిన్నచూపు చూసేవారితో నాకు పేచీ ఉంది. మత్సుమొతోలోని ఫుజిజెన్, హమామత్సులోని టోకాయి కర్మాగారాల్లో 1970ల చివర తయారైన బేస్‌లలో ఎన్నో, అదే కాలపు అమెరికన్ ఫెండర్‌లకన్నా శ్రద్ధగా కట్టినవి. ఈ సంగతి ఫెండర్‌కూ తెలుసు కాబట్టే 1982లో ఫెండర్ జపాన్ మొదలై ఫుజిజెన్ చేత తయారు చేయించింది. తొలి ఏళ్ల, జేవీ అక్షరాలతో మొదలయ్యే నంబర్ల బేస్‌లను ఈ రోజు వెతికి కొంటున్నారు. జపాన్ బ్రాండ్ ఐబనెజ్ 1975 తరువాతి నంబర్లలో మొదటి అక్షరం నెల, తరువాతి రెండంకెలు ఏడాది: హెచ్76 అంటే 1976 ఆగస్టు. అమ్మకందార్లు ప్రతి జపాన్ కాపీనీ “దావా కాలం నాటిది” అని పిలవడం మాత్రం నమ్మవద్దు. ఉన్న దావా ఒకటే. గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ 1977లో ఐబనెజ్ అమెరికా పంపిణీదారు ఎల్గర్ మీద హెడ్‌స్టాక్ ఆకారం గురించి వేసింది, కోర్టు బయట రాజీ కుదిరింది. ఫెండర్ ఆకారపు బేస్‌లకు ఆ దావాతో సంబంధం లేదు. ఆ మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

గివ్‌సన్ వంటి మన దేశపు వాయిద్యాలు వేరే లెక్క. వాటికి సంగ్రాహకుల ధర లేదు, నెక్ నిటారుగా ఉంటే వాయించే ధర ఉంది.

అసలైనా కాపీ అయినా చివరి పరీక్ష నెక్‌దే. తీగలు బిగించి శ్రుతి చేశాక మందపు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల మధ్య చూస్తే కాగితం మందం సందు ఉండాలి. సన్న తీగతోనూ అలాగే చేయండి. ఒక వైపు సందు ఉండి మరో వైపు లేకపోతే నెక్ మెలితిరిగింది. మెలిని ట్రస్ రాడ్ సరిచేయలేదు. రాడ్ తిప్పినా కదలకపోతే బలవంతం చేయవద్దు. తెగితే ఫ్రెట్‌బోర్డు ఊడదీయాల్సి వస్తుంది, ఆ ఖర్చు కాపీ ధరను మించుతుంది. ఫ్రెట్‌లు మార్చి ఉండటం తప్పు కాదు, యాభై ఏళ్లు వాయించిన దానికి అది న్యాయమైన మరమ్మతే.

అభ్యాసం: ఒకరు “1969 జాజ్ బేస్” చూపిస్తున్నారు. నెక్‌కు మూడు స్క్రూలు, ఎఫ్ పలక, బైండింగ్, దిమ్మెలు. వేలి పట్టీ మందపు తీగ వైపు ఉంది, మరో వైపు పూడ్చిన రంధ్రాలేమీ లేవు. ట్రస్ రాడ్ హెడ్‌స్టాక్ దగ్గర తిరుగుతుంది. పొట్‌ల మీద 1376618 ఉంది, సోల్డర్ కొత్తది. ఇందులో 1969కి సరిపోనివి ఏవి, ఈ బేస్ ఏ కాలానిది కావచ్చు, 1966 పొట్‌లు ఎలా వచ్చి ఉంటాయి? కారణాలతో సహా నోటు పుస్తకంలో రాయండి. నాలుగో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది, తరువాత హాఫ్‌నర్ వయొలిన్ బేస్‌కు వెళదాం.