ఉత్తరాంధ్ర కొసన కాపురం: ఇచ్ఛాపురం, సోంపేట వైపు వెళ్లేవారు ముందుగా చూసుకోవలసినవి

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి ఉత్తరానికి వెళ్తే పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి వస్తాయి. ఇచ్ఛాపురం తరువాత రాష్ట్రమే అయిపోతుంది. బదిలీపై ఇక్కడికి వచ్చే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, దూర నగరాల్లో ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరికి తిరిగివచ్చే పెద్దవారు ఏటా ఉంటారు. వారికి ఈ ప్రాంతం గురించి రెండు రకాల మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. కొబ్బరి తోటలు, సముద్రపు గాలి, తక్కువ అద్దె అని కొందరు మెచ్చుకుంటారు; అక్కడ ఏముందని మరికొందరు నిరుత్సాహపరుస్తారు. కాపురం సర్దుకోవడానికి ఈ రెండు మాటలూ పనికిరావు. ఇక్కడి ఇబ్బందులు నిజమైనవే, వాటిలో చాలావరకు ఒకే మూలం నుంచి పుడతాయి: పెద్ద సదుపాయం ఏదైనా మరో ఊరిలో ఉంటుంది, ఆ ఊరు కూడా అవసరాన్నిబట్టి మారుతుంది. అందువల్ల ఏ అవసరానికి ఏ ఊరికి వెళ్లాలో, ఆ అవసరం రాకముందే ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోవడం ఇక్కడ చేయవలసిన మొదటి పని.

ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం 130 కిలోమీటర్ల పైచిలుకు, విశాఖపట్నం దాదాపు 240 కిలోమీటర్లు. ఒడిశాలోని బరంపురం మాత్రం సుమారు 25 కిలోమీటర్లే. బట్టలకు, బంగారానికి, డాక్టరుకు ఇక్కడివారు తరతరాలుగా బరంపురం వెళ్తున్నారు. కొత్తగా వచ్చినవారు ఈ సంగతి గ్రహించక, ప్రతి పనికీ విశాఖ వైపే చూసి అలసిపోతారు. పలాసకు దక్షిణాన ఉండేవారికి లెక్క తిరగబడుతుంది. వారికి శ్రీకాకుళమే సులభం.

ఆసుపత్రి దూరం

పగటిపూట వచ్చే జ్వరానికి, చిన్న గాయానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో, సోంపేట, ఇచ్ఛాపురం వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ ఆసుపత్రో సరిపోతుంది. చిక్కంతా రాత్రిపూట గుండెనొప్పి, పక్షవాతం, కాన్పు కష్టం, రోడ్డు ప్రమాదం వంటివి వచ్చినప్పుడే. పక్షవాతాన్నే తీసుకుంటే, మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు పడాలి, దానికి ముందు తప్పనిసరిగా సీటీ స్కాన్ తీయాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం బయలుదేరితే ఆ వ్యవధిలో చాలా భాగం రోడ్డు మీదే గడిచిపోతుంది. పెద్ద ఆసుపత్రి మీద నమ్మకంతో నేరుగా విశాఖకు తీసుకువెళ్లడం వల్ల చేజారే సమయం మళ్లీ రాదు. కాబట్టి రాత్రిపూట కూడా సీటీ స్కాన్, డాక్టరు అందుబాటులో ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో, మీరు ఇల్లు దిగిన మొదటి వారంలోనే స్వయంగా విచారించాలి. సరిహద్దు మండలాల వారికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, పలాస నుంచి కిందికి ఉండేవారికి శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ముందుగా గుర్తుకు రావాలి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) ఆ తరువాతి మెట్టు.

గుండెపోటుకు కూడా ఇదే పద్ధతి. ఈసీజీ తీసి, రక్తం గడ్డను కరిగించే మందు ఇచ్చే ఏర్పాటు మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నదో లేదో అడిగి తెలుసుకోండి. ఉంటే అక్కడ మొదటి వైద్యం అందుకుని ఆ తరువాత దూరం వెళ్లడం మేలు. 108 కు ఫోను చేయడంతో పాటు, రాత్రి ఎన్ని గంటలకు పిలిచినా వచ్చే కారు డ్రైవర్లు ఇద్దరి నంబర్లు వంటగది గోడ మీద రాసి ఉంచాలి. ఒక్కరిది సరిపోదు, ఎందుకంటే పెళ్లిళ్ల రోజుల్లో ఆ ఒక్కరూ ఊళ్లో ఉండరు.

సరిహద్దు వల్ల వచ్చే మరో చిక్కు ఆరోగ్య బీమా కార్డుకు సంబంధించినది. మన రాష్ట్ర పథకం కార్డు, ఉద్యోగుల ఆరోగ్య కార్డు, ప్రైవేటు బీమా, వీటిలో ఏది బరంపురంలోని ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ఆపద వేళ అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. ఒకరోజు తీరిక చేసుకుని ఫోను చేసి కనుక్కోండి. చెల్లని పక్షంలో కొంత డబ్బు ప్రత్యేకంగా పక్కన ఉంచండి. ఇంట్లో గర్భిణి ఉంటే, ముఖ్యంగా ఇంతకు ముందు ఆపరేషను జరిగినవారైతే, ఎనిమిదో నెల నిండకముందే ఆపరేషను సదుపాయం, రక్తనిధి ఉన్న ఊరికి చేర్చడం మంచిది. పాము కరిస్తే మంత్రం వేయించడానికి తిప్పకండి, గట్టిగా కట్లు కట్టకండి. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

నీరు, మూత్రపిండాలు

ఈ తీర మండలాలను కలిపి పిలిచే ఉద్దానం పేరు వినగానే బయటివారికి మూత్రపిండాల వ్యాధే గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఎన్నో పరిశోధనలు జరిగినా, దీనికి ఇదే కారణమని తేల్చిన తీర్పు ఇంకా లేదు. నీటినే కారణంగా చెప్పేవారి మాట పూర్తిగా నమ్మి భయపడనూ వద్దు, పూర్తిగా కొట్టిపారేయనూ వద్దు. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి ఈ ప్రాంతానికి పైపుల ద్వారా తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. సోంపేట, పలాస వంటి చోట్ల ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి.

మీరు చేయవలసినవి కొన్నే, కానీ వాటిని విడవకుండా చేయాలి. అద్దె మాట్లాడే ముందు ఆ ఇంటికి వచ్చే నీరు పైపుదా, బోరుదా, నుయ్యిదా అని అడగండి. బోరు నీరైతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సముద్రానికి దగ్గరలో ఉన్న బోర్లలో ఉప్పదనం సాధారణం. ఇంట్లో పెద్దలందరికీ ఏడాదికి ఒకసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించాలి, ఎందుకంటే ఈ వ్యాధి చాలా ముదిరే వరకు బాధ తెలియనివ్వదు. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలను డాక్టరు చెప్పకుండా వాడకండి. మూత్రపిండాలకు అవి చేసే హాని సందేహం లేనిది. ఎండలో పనిచేసేవారు దాహం వేసే వరకు ఆగకుండా నీరు తాగాలి. ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతున్నానని అనిపించవచ్చు. ఊరూరా డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనుషులను చూసిన తరువాత మెల్లగా చెప్పడం సాధ్యం కాదు.

తుఫాను కాలం

2013 అక్టోబరు 12న ఫైలిన్ పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరానికి చేరింది. ఈ తేదీలు వరుసగా చదివితే ఇంటి పనుల పట్టిక దానంతట అదే తయారవుతుంది: సెప్టెంబరు మొదటి వారానికల్లా సిద్ధమై ఉండాలి, నవంబరు దాటే వరకు ఏమరకూడదు.

ఇల్లు ఎంచుకునేటప్పుడే శ్లాబు ఇంటినే చూసుకోండి. సిమెంటు రేకుల ఇల్లు ఎంత చవకగా వచ్చినా ఈ తీరంలో తగదు. ఇంటిపై వాలిన కొబ్బరి చెట్టు ఉంటే, దాని సంగతి యజమానితో ముందే మాట్లాడాలి. కరెంటు పోయిందంటే దానితో పాటు మోటారు, ఫోను టవరు, ఏటీఎం, పెట్రోలు బంకు ఒకదాని వెంట ఒకటి ఆగిపోతాయని గుర్తుంచుకుని సన్నాహం చేసుకోవాలి. హెచ్చరిక వచ్చిన రోజే పైట్యాంకు, డ్రమ్ములు, బిందెలు నింపాలి. వారం రోజులకు సరిపడా బియ్యం, పప్పు, నూనె, పాలపొడి, మందులు, చిన్న నోట్లలో నగదు ఉంచుకోవాలి. బండిలో పెట్రోలు నింపాలి. భూమి పత్రాలు, పాసు పుస్తకాలు, చదువు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాలి. దగ్గరలో పనిచేసే చేతిపంపు ఎక్కడ ఉన్నదో చూసి ఉంచుకోండి, ఎందుకంటే తిత్లీ తరువాత చాలా గ్రామాల్లో కరెంటు తిరిగి రావడానికి రోజుల తరబడి పట్టింది. దూరంగా ఉన్న పిల్లలకు, ఫోను కలవకపోతే కంగారు పడవద్దనీ, కబురు ఎవరి ద్వారా అందుతుందనీ ముందుగానే చెప్పి ఉంచాలి.

గాలి తగ్గగానే ప్రమాదం తీరిపోదు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా నదులన్నీ ఒడిశా కొండల్లో పుట్టి ఇటు వస్తాయి. అక్కడ కురిసిన వాన ఇక్కడ వరదగా చేరడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి, ఎండ కాసిన రోజున కూడా ఏటి గట్టు వీధుల్లోకి నీరు రావచ్చు. తహసీల్దారు కార్యాలయం నుంచి చెప్పేవరకు లోతట్టు ఇళ్లకు తిరిగి వెళ్లకపోవడం క్షేమం.

రైలు, బస్సు, కార్యాలయాలు

హౌరా–చెన్నై ప్రధాన మార్గం ఈ ఊళ్ల పక్కగానే పోతుంది, కానీ పక్కన పోయే రైళ్లన్నీ ఆగవు. పలాసలో ఆగే ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువ. సోంపేట, ఇచ్ఛాపురాల్లో తక్కువ. అందువల్ల దూర ప్రయాణాలకు పలాస వరకు బస్సులోనో పాసింజరులోనో వెళ్లి ఎక్కేలా సమయం చూసుకోవాలి. శ్రీకాకుళం వెళ్లేవారు గమనించవలసినది, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు వేరే బండి చూసుకోవాలి. సంక్రాంతికి వలస వెళ్లినవారంతా ఇంటికి వస్తారు కాబట్టి రైళ్లలో కాలు మోపే చోటు ఉండదు. రిజర్వేషను ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. భోగికి ముందు చేరాలంటే నవంబరు రెండవ వారంలోనే కూర్చుని టిక్కెట్లు తీసుకోవాలి.

ధ్రువపత్రాల వంటి చిన్న పనులకు ఊళ్లోని గ్రామ, వార్డు సచివాలయం చాలు. జిల్లా స్థాయి పనికి శ్రీకాకుళం వెళ్లక తప్పదు. ఒక్కో పనికి ఒక్కో ప్రయాణం పెట్టుకోకుండా రెండు మూడు పనులు పోగుచేసుకుని వెళ్లండి. సోమవారం కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే రోజు కనుక, అర్జీ ఇవ్వడానికి తప్ప మామూలు పనికి ఆ రోజు వద్దు. పని త్వరగా తెమిలితే కథానిలయానికి వెళ్లండి. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన ఆ గ్రంథాలయంలో తెలుగు కథ దాదాపు మొత్తంగా ఒక్కచోట దొరుకుతుంది. పుస్తకాల దుకాణం లేని ఊళ్లో నెలంతా గడిపినవారికి దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

పనివారు, పిల్లలు, ఇరుగుపొరుగు

చేతిపని తెలిసిన యువకులలో చాలామంది హైదరాబాదుకు, చెన్నైకి, ఇంకా దూరాలకు వలస వెళ్లారు. అందువల్ల ఫ్రిజ్, ఇన్వర్టరు, మోటారు బాగుచేసే మనిషి దొరకడం కష్టం. ధర కొంచెం ఎక్కువైనా, మరమ్మతు బాధ్యత తీసుకునే ఊరి దుకాణంలోనే కొనండి. బాగుచేసేవారు విశాఖ నుంచి రావలసిన వస్తువు ఎంత గొప్పదైనా ఇక్కడ భారమే.

పదో తరగతి వరకు చదువుకు ఇబ్బంది లేదు. ఇంటర్మీడియట్ దగ్గరే తల్లిదండ్రులు శ్రీకాకుళం, విశాఖ హాస్టళ్ల వైపు చూడవలసి వస్తుంది; ఆ ఖర్చును తొమ్మిదో తరగతి నుంచే లెక్కలో పెట్టుకోవాలి. ఇచ్ఛాపురం బజారులో ఒడియా సమానంగా వినిపిస్తుంది. పిల్లలు ఆటల్లో నేర్చేసుకుంటారు, పెద్దవారు బేరానికి, బస్సుకు సరిపడా మాటలు పట్టుదలగా నేర్చుకోవాలి.

ఉద్దానం జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద దాడి చేసిన సందర్భాలూ ఉన్నాయి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక తోట దారిలో ఒంటరిగా నడవకూడదు. ఈ మాటను సరదాగా తీసుకోవద్దు. ఇరుగుపొరుగు మీ ఇంటి సంగతులన్నీ అడుగుతారు. కొత్తవారికి అది చొరబాటులా అనిపించినా, రాత్రి వేళ ఆసుపత్రికి బండి మాట్లాడేది, తుఫాను రోజున తలుపు తట్టేది వారే. చెప్పగలిగినంత చెప్పి, వారి మంచిచెడ్డలు మీరూ అడగండి.

ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవారో, గుండె ఆపరేషను జరిగినవారో, నెలలు నిండని బిడ్డో ఉంటే మాత్రం, ఉద్యోగం ఇచ్ఛాపురంలోనో కవిటిలోనో అయినా కాపురం పలాస–కాశీబుగ్గలోనో శ్రీకాకుళంలోనో పెట్టి, ఉద్యోగం చేసేవారు రోజూ రైలులో తిరగడమో, వారం చివర ఇంటికి రావడమో మేలు. అద్దె రెండుచోట్ల కట్టవలసి వచ్చినా ఆ ఏర్పాటే చేసుకోండి, ఇంట్లోవారి ఆరోగ్యం కుదుటపడ్డాక అందరూ ఒకేచోటికి మారవచ్చు.